ఆ ఉదయం నేనూ మిఠాయి పంచాను

ప్రశ్న: 2019 డిసెంబరు 6న దిశ కేసు (యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారని తెలిసి మా వీధంతా మిఠాయి పంచాను. ఇప్పుడు లా చదువుతున్న మా అమ్మాయి నన్ను తప్పు పడుతోంది. కోర్టులు ఏళ్లూ పూళ్లూ సాగదీస్తుంటే మాలాంటి వాళ్లకు వేరే దారేముంది?
– ఒక గృహిణి, షాద్‌నగర్

జవాబు: అమ్మా, మీ ఆగ్రహాన్ని నేను తప్పు పట్టను. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. ఆ వారమంతా పెద్దమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడేవాణ్ణి.

కానీ వేరే దారి ఉంది. దిశ ఘటనకు మూడు రోజుల ముందే, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి అమ్ముకుని బతికే దళిత మహిళపై అత్యాచారం చేసి చంపారు. అదే సమత కేసు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు సాక్షులను విచారించి, 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది. రెండు నెలలు పట్టింది, అంతే! దిశ కేసుకూ మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు డిసెంబరు 4నే మంజూరైంది. రెండు రోజులు తిరగకుండానే, విచారించడానికి నిందితులే మిగలలేదు. దిశ తల్లిదండ్రులకు తీర్పు అనేదే దక్కలేదు.

ఆ కాల్పులపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది.

ముప్పై ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించాను. ఒకసారి నగల దొంగతనం కేసులో హోటల్లో పనిచేసే కుర్రవాడు నా కక్షిదారు. నేరం ఒప్పుకున్నాడని పోలీసులు కాగితం చూపించారు. కోర్టు వరండాలో టీ ఇప్పిస్తే, వేళ్లు మడతపడక గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగాడు. నెల తర్వాత అసలు దొంగ నగలతో సహా దొరికాడు. ఆ కుర్రవాణ్ణి తొలిరోజే కాల్చి ఉంటే మా ఊరు కూడా చప్పట్లు కొట్టేది. ఇప్పటికీ ఆ గ్లాసు నా కళ్లముందే ఉంటుంది.

అమ్మాయితో వాదన మానండి. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తననే చదివి వినిపించమనండి. ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా చనిపోతే సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలని, అనుమానాలన్నీ తీరేదాకా ఆ పోలీసులకు పతకాలు ఇవ్వకూడదని అందులో ఉంది.