నిలబడి నొక్కారు సరే, నడుస్తూ నొక్కగలరా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. గోడౌన్లలో సరకు లెక్క రాసుకునేవాళ్ల కోసం చేతికి తొడుక్కునే ఆరు బటన్ల కీప్యాడ్ తయారుచేశాను. ఇలాంటి పరికరాల మీద కెరీర్ ఉంటుందా? ఇంట్లో కోడింగ్ నేర్చుకోమంటున్నారు.
- ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఉంటుంది. కానీ బటన్లు పనిచేస్తే సరిపోదు. బహుశా ఫ్రెండ్స్‌ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి నొక్కించి ఉంటారు. గోడౌన్‌లో కూర్చునే తీరిక ఎవరికుంది? ఒక చేత్తో అట్టపెట్టెను నడుముకు ఆనించుకుని, చూపు దారి మీద ఉంచి, రెండో చేతి బొటనవేలితో మూడో బటన్ తడుముకుంటారు. అడుగు పడ్డప్పుడల్లా చెయ్యి అదిరి, వేలు పక్క బటన్ మీదికి జారుతుంది. మీ సబ్జెక్టంతా ఆ జారుడులోనే ఉంది.

ఈ సెలవుల్లో పది పన్నెండు మందిని పిలవండి. అందులో నిజంగా మూటలు మోసేవాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి. వరండాలో సుద్దముక్కతో దారి గీసి, అంకెలను నిలబడి ఒకసారి, నడుస్తూ ఒకసారి కొట్టించండి. సగం మందికి ముందు నడక పెట్టండి. లేకపోతే రెండోసారికి చెయ్యి అలవాటుపడి లెక్క తప్పుతుంది. తప్పులు, పట్టిన సమయం ఎలాగూ రాస్తారు. చాలామంది మరిచిపోయేది నడక వేగం. ఉత్త చేతులతో ఎంత వేగంగా నడిచారు, కీప్యాడ్ నొక్కుతూ ఎంత? తప్పులు లేకపోయినా నత్తనడక నడిచారంటే మీ పరికరం ఫెయిలే.

అలాగని ఒక్కపూటలో తేల్చేయకండి. ట్విడ్లర్ అనే ఒంటిచేతి కీబోర్డులో కొన్ని అక్షరాలకు రెండేసి మీటలు కలిపి నొక్కాలి. మొదట్లో ఎవరికైనా విసుగే. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ పరిశోధనలో దాదాపు 25 గంటల సాధన తర్వాత సగటున నిమిషానికి 47 పదాలు కొట్టారు.

ఉద్యోగ ప్రకటనల్లో యూఎక్స్ రీసెర్చర్, ఇంటరాక్షన్ డిజైనర్, హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఇంజినీర్ అనే పేర్లు వెతకండి. మనుషులు పరికరాలను ఎలా వాడతారో చూసి, వాటిని మెరుగుపరిచే పనులివి. ఫ్రెషర్లకు నేరుగా వేరబుల్స్‌లో (ఒంటికి తొడుక్కునే పరికరాల్లో) అవకాశాలు మన దగ్గర తక్కువే, దాచను. ఫైనలియర్‌లో సీడ్ (డిజైన్ పీజీ ప్రవేశపరీక్ష, CEED) రాస్తే ఐఐటీ బాంబే, ఐఐటీ హైదరాబాద్ లాంటిచోట్ల ఎం.డెస్‌కు (డిజైన్‌లో పీజీ) దారి ఉంటుంది. ఇక కోడింగ్ విషయంలో ఇంట్లోవాళ్లతో గొడవెందుకు? ఎవరు ఏ క్షణంలో ఏ బటన్ నొక్కారో లెక్క తీయడానికి మీకు పైథాన్ ఎలాగూ కావాలి.

పోర్ట్‌ఫోలియోలో సర్క్యూట్ ఫొటోకన్నా ముందు, వేలు జారిన వీడియో పెట్టండి. దాని కింద, ఆ తర్వాత బటన్‌ను ఎంత పక్కకు జరిపారో రాయండి.