తూనీగల తగువు: ఒక యువ రచయితకు లేఖ

హైదరాబాద్

చిరంజీవి సౌజన్యకు,

అమీన్‌పూర్ చెరువు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. కట్ట మీద ఎండ, తూటికాడలు, ఆ పేరా జోలికి వెళ్లకు, అలాగే ఉండనీ. నా పేచీ అంతా తూనీగల పోట్లాట దగ్గరే. 'పెద్దది చిన్నదాన్ని తరిమేసింది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పెద్దదని నీకెలా తెలిసిందమ్మా? గెలిచింది కాబట్టి పెద్దదిగా కనిపించి ఉంటుంది.

పురుగుల కొట్లాట రాసేముందు, అవి ఒకదాన్నొకటి తాకుతున్నాయా లేదా చూడు. కొన్ని రకాల పేడపురుగుల్లో కొమ్ములున్న మగవి సొరంగంలో ఎదురుపడి నెట్టుకుంటాయి. అక్కడ ఒళ్లు, కొమ్ము పెద్దవైతే సాధారణంగా వాటిదే పైచేయి. చిన్న మగవి ఆ గొడవకు పోకుండా పక్కనుంచి వేరే దారి తవ్వుకుని ఆడపురుగును చేరతాయి. (ఈ దొంగదారి మీదే ఇంకో వ్యాసం రాయొచ్చు నువ్వు.)

గాలిలో జరిగే తగువు వేరు. ఉత్తర అమెరికా వాగుల మీద నల్లరెక్కల సన్న తూనీగ ఒకటుంది, కాలోప్టెరిక్స్ మాక్యులేటా. గుడ్లు పెట్టడానికి ఆడవి వచ్చే చోటు కోసం మగవి ఒకదాని చుట్టూ ఒకటి ఎగురుతూనే ఉంటాయి, ఒక్కోసారి గంటల తరబడి. కొరకడాలు, పొడవడాలు పెద్దగా ఉండవు. జేమ్స్ మార్డెన్, ఆయన సహ పరిశోధకుడు 1990లో ప్రచురించిన పరిశీలనలో చివరిదాకా నిలిచింది ఒంట్లో కొవ్వు ఎక్కువున్న మగవే. సైజూ, కండా తేల్చలేదు. ఎగరడం బాగా ఖర్చుతో కూడిన పని. బండి రిజర్వ్‌లో పడ్డవాడు ముందు ఇంటిదారి పట్టినట్టు, కొవ్వు కరిగిపోయింది తప్పుకుంటుంది. వయసు మీదపడ్డ మగవి చోటు పోగొట్టుకోవడానికీ ఈ తరుగుదలే ముఖ్య కారణం.

అలాగని కొవ్వును అన్నిటికీ అంటించేయకు. ఇంగ్లండ్ అడవుల్లో ఎండ పడే చోట్ల కోసం తగువులాడే ఒక సీతాకోకచిలుకలో, ముందొచ్చి కూర్చున్నదే గెలుస్తుందని 1978లో నిక్ డేవిస్ రాశారు. తర్వాతివాళ్లు, ముందు రావడం కాదు, స్వతహాగా దూకుడున్నవే చోటు పట్టి నిలబెట్టుకుంటాయని వాదించారు. నన్నడిగితే, రచయితకు తేలిన జవాబుకంటే ఇలాంటి వాదనలోనే ఎక్కువ సరుకు దొరుకుతుంది.

ఇక నీ పేరాలో 'వీరుడు', 'రణరంగం' కొట్టెయ్. పుల్ల మీద ముందు ఏది ఉంది, తగువు ఎంతసేపు సాగింది, తిరిగొచ్చి అక్కడే వాలింది ఏది, అవి రాయి. కొవ్వు సంగతి మాత్రం నీ తూనీగలకు తగిలించకు. మార్డెన్ వాళ్లు తాము చూసిన తూనీగల్ని పట్టి, ఎండబెట్టి, కొవ్వు తీసి తూచారు. నువ్వు కట్ట మీంచి చూశావంతే.

వాన తెరిపిచ్చాక ఎండెక్కిన వేళ మళ్లీ వెళ్లి, వాచీ పెట్టుకుని చూడు. కొత్త ప్రతి పంపేటప్పుడు పాతదీ జతచెయ్, పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు