గోడలో స్పీకర్ వైర్లున్నాయి, యాంప్ ఏది కొనాలి?

ప్రశ్న: పోరంకిలో ఇల్లు కొన్నాం. హాలు, వంటగది, రెండు బెడ్‌రూముల సీలింగ్‌లో బిల్డరే జత చొప్పున స్పీకర్లు పెట్టించాడు. వైర్లన్నీ టీవీ వెనక బాక్సులోకి వచ్చాయి. నా పాత స్టీరియో యాంప్లిఫయర్‌కు అన్నీ కలిపేయొచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

కలిపితే పాట వస్తుంది, కానీ కాసేపే. సీలింగ్ స్పీకర్లు ఎక్కువగా 8 ఓమ్‌లవి (ఓమ్ అంటే కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత). రెండు జతలు ప్యారలల్‌గా, అంటే ఒకే టెర్మినళ్లకు పక్కపక్కన కలిపితే ఒక్కో చానల్ (ఎడమ, కుడి) మీద లోడు 4 ఓమ్‌లు, నాలుగు జతలైతే 2 ఓమ్‌లు. ఇళ్లలో వాడే యాంపులు చాలావరకు 4 ఓమ్‌ల దాకానే తట్టుకుంటాయి. అంతకన్నా తగ్గితే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతాయి. అదృష్టం బాగుంటే ప్రొటెక్షన్‌తో ఆగిపోతుంది, లేదంటే లోపల ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అసలే బెజవాడ ఎండలు, ఆపైన తలుపులేసిన టీవీ యూనిట్! నాలుగు గదులూ కలపాల్సిందే అనుకుంటే మధ్యలో ఇంపెడెన్స్ మ్యాచింగ్ ఉన్న, అంటే ఓమ్‌లు మరీ తగ్గకుండా చూసే స్పీకర్ సెలెక్టర్ పెట్టండి. ఉత్త స్విచ్‌లు మాత్రమే ఉండే చవక బాక్సులు ఈ పనికి రావు.

ఏదైనా కొనేముందు ఏ వైరు ఏ గదిదో తేల్చుకోండి. బిల్డర్ మాట నమ్మొద్దు. ముందు మెయిన్ ఆపి, బాక్సులో 230 వోల్టుల వైరేదీ కలవలేదని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తర్వాత 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును ఒక వైరులోని రెండు తీగల కొసలకు క్షణం తాకిస్తే ఆ గదిలో స్పీకరు టక్కుమంటుంది. ఇంకో మనిషిని గదుల్లో తిప్పుతూ ప్రతి వైరుకూ పేరు రాసి టేపు అంటించండి. సాయంత్రమంతా పడుతుంది, పట్టనివ్వండి. లోపల సన్నటి తీగలు ఎనిమిది కనిపిస్తే అది ఇంటర్నెట్ కేబుల్. దాన్ని యాంప్‌కు తగిలించొద్దు.

ఇక ఇల్లంతా ఒకే పాట చాలా, లేక నాన్నగారి గదిలో భక్తి పాటలు, హాల్లో పిల్లల పాటలు విడివిడిగా రావాలా? ఒకే పాటైతే మీ పాత యాంపు, సెలెక్టర్‌తోనే సరి. విడిగా కావాలంటే గదికో వైఫై యాంపు ఉండాలి. WiiM యాంప్, సోనోస్ యాంప్ ఇలాంటివే. ఒకే కంపెనీవి తీసుకుంటే యాప్‌లో గదుల్ని కలపొచ్చు, విడదీయొచ్చు. నాలుగు కొనడం నాకైతే దండగనిపిస్తుంది. హాలు, వంటగదికి కలిపి ఒకటి (4 ఓమ్‌లు తట్టుకునేది), నాన్నగారి గదికి ఒకటి చాలు. రెండో బెడ్‌రూమ్‌లో పాటలు వినేదెవరు? రూటర్ నుంచి ఆ యాంపులకు కేబులే లాగండి, కాంక్రీటు గోడల మధ్య వైఫై తడబడుతుంది.

ప్రశ్న: వంటగదిలోని బ్లూటూత్ స్పీకర్‌కు టీవీ కలిపితే మాట ఆలస్యంగా వస్తోంది. స్పీకర్ పాడైందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

లేదండీ. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపి, అవతల మళ్లీ విప్పాలి. ఆ కాస్త సమయమే ఆలస్యం. టీవీ, స్పీకర్ రెండింటికీ ఆడియో సాకెట్లుంటే కేబుల్ వేయండి, పోతుంది.