మాస్టారిని అడగండి: దీపం మసకబారితే దూరమా, మంచా?

పోయిన సంచికలో ‘విశ్వం పెరుగుతోంది, అదీ నానాటికీ వేగంగా’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. మీరు ఊరుకోలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులివి.

*మాస్టారూ, విశ్వం సాగుతోంది అంటున్నారు కదా. మరి మా ఇల్లు, మా ఊరు, భూమి కూడా సాగుతున్నాయా? (ఇంటర్ విద్యార్థిని, పర్లాకిమిడి)*

లేదమ్మా. మీ ఊరి రాజుగారి కోట ఎక్కడిదక్కడే ఉంది.

నేను బడిలో ఈ పాఠం చెప్పేటప్పుడు టైలరు దగ్గర రెండు గజాల లంగా ఎలాస్టిక్కు కొని, బెత్తెడేసి దూరంలో చొక్కా బొత్తాలు కుట్టించేవాణ్ణి. ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని లాగుతారు. ఎలాస్టిక్కు రెండింతలైతే పక్క బొత్తాం బెత్తెడు నుంచి రెండు బెత్తెలకు పోతుంది. మూడో బొత్తాం మూడు నుంచి ఆరుకు పోతుంది. అంటే దూరంగా ఉన్నది అదే సమయంలో ఎక్కువ దూరం జరిగింది. ఏ బొత్తాం మీద కూర్చుని చూసినా ఇదే కనిపిస్తుంది, ‘అందరూ నన్ను వదిలి పోతున్నారు’ అని ప్రతి బొత్తామూ అనుకోవచ్చు. 1929లో ఎడ్విన్ హబుల్ గెలాక్సీల్లో చూపించింది ఈ లెక్కే. ఇప్పటి కొలతల ప్రకారం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల వేగం చేరుతుంది.

ఇక నీ ప్రశ్న. ఎలాస్టిక్కు సాగింది కానీ బొత్తాం సాగలేదు చూడు, దాని గట్టితనం దానిది. గెలాక్సీని గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుంది, నీ ఇంటి గోడను అణువుల మధ్య విద్యుత్ బలాలు పట్టి ఉంచుతాయి. పక్కనున్న ఆండ్రొమెడా గెలాక్సీ అయితే దూరం పోవడం మాట అటుంచి, సెకనుకు 110 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తోంది. అంత దగ్గరలో గురుత్వానిదే పైచేయి.

‘దేనిలోకి సాగుతోంది’ అని కింద చిన్న అక్షరాల్లో అడిగావు. ఎలాస్టిక్కుకు కొసలున్నాయి, లాగడానికి పిల్లలున్నారు. విశ్వానికి కొస కనబడలేదు, బయట పట్టుకు నిలబడినవాళ్లూ లేరు. చోటే సాగుతోంది. ఉపమానం ఇక్కడ తెగుతుంది, ఇంకా లాగొద్దు.

*డార్క్ ఎనర్జీని ఎవరైనా చూశారా? చూడనిదాన్ని ఉందని ఎలా అంటారు? (రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, బరంపురం)*

ఎవరూ చూడలేదండీ. మీ అనుమానం సబబే. అయితే విశ్వం వేగాన్ని పెంచుతున్నదానికి ఆ పేరు పెట్టకముందు జరిగినదాన్ని చెబితే మీకే నచ్చుతుంది.

విశ్వం సాగుతున్నా, అందులోని పదార్థమంతా ఒకదాన్నొకటి లాక్కుంటోంది కాబట్టి ఆ వేగం తగ్గుతూ ఉండాలి. పైకి విసిరిన రాయి మందగించినట్టు. అప్పట్లో ఇందులో ఎవరికీ సందేహం లేదు. ఎంతగా తగ్గుతోందో కొలవాలని, ఆ కొలతకు ‘మందగమన గుణకం’ అని పేరు కూడా పెట్టేశారు. సంబంధం కుదరకముందే శుభలేఖలు అచ్చేయించినట్టు! నేనూ బోర్డు మీద ‘విస్తరణ క్రమంగా తగ్గును’ అని రాసి కింద గీత గీశాను. 1998లో కొలిచేసరికి గుణకం రుణ సంఖ్యగా తేలింది. తగ్గడం లేదు, పెరుగుతోంది. ఆ బ్యాచ్ కుర్రాడొకడు తర్వాత సంతలో కనబడి ‘మాస్టారూ, మీరు గీత గీసి మరీ చెప్పారు’ అన్నాడు. అన్నాడంటే అనడా?

ఎలా కొలిచారంటే, గోపాలపూర్ వెళ్లండి. అక్కడి నోలియాల, అంటే జాలర్ల పేటలో మన తెలుగే వినబడుతుంది. చీకటి పడ్డాక ఒడ్డున కూర్చుంటే వేటకు పోయిన పడవల దీపాలు కనిపిస్తాయి. అన్నీ ఒకే రకం దీపాలైతే, మసకగా ఉన్నది దూరంగా ఉన్నట్టు. ఎంత మసకో కొలిస్తే ఎంత దూరమో వస్తుంది. ఇదే మాట వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో అన్నాను. ఆయన సూది ఆపకుండానే ‘మంచు పట్టినా అలాగే ఉంటాది బాబూ’ అన్నాడు.

ఖగోళ శాస్త్రవేత్తలను పట్టి కుదిపిన ప్రశ్న సరిగ్గా అదే. వాళ్ల పడవ దీపం ఒక రకం సూపర్‌నోవా. చచ్చిపోయిన చిన్న నక్షత్రం, అంటే తెల్ల మరుగుజ్జు, బరువు పెరిగి సూర్యుడికి 1.4 రెట్ల దగ్గరికి వస్తే పేలిపోతుంది. ఆ హద్దు లెక్క మొదలుపెట్టింది 1930లో ఇంగ్లండు వెళ్లే ఓడలో ఉన్న 19 ఏళ్ల సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్. హద్దు ఒకటే కాబట్టి వెలుగూ దాదాపు ఒకటే. పూర్తిగా ఒకటి కాదు. నెమ్మదిగా ఆరేవి కాస్త ఎక్కువ వెలుగుతాయి, దానికీ సవరణ ఉంది. సాల్ పెర్ల్‌మటర్ నడిపిన బృందం ఒకటి, బ్రయాన్ ష్మిట్, ఆడమ్ రీస్ ఉన్న బృందం ఇంకొకటి. పోటీ పడి ఇలాంటి దూరపు దీపాలను వెతికారు. ఇద్దరికీ ఒకటే కనబడింది. దీపాలు ఉండాల్సినదాని కన్నా మసకగా ఉన్నాయి. అంటే లెక్క చెప్పిన చోటు కన్నా దూరంగా ఉన్నాయి, మధ్యలో చోటు ఎక్కువ సాగింది.

లేదా, పెద్దాయన అన్నట్టు, మంచు పట్టింది. ఇక్కడైతే ధూళి.

ధూళికి ఒక గుణం ఉంది. నీలం వెలుగును ఎక్కువ చెదరగొట్టి ఎరుపును వదులుతుంది. పొద్దున సముద్రంలోంచి లేచే సూర్యుడు ఎర్రగా ఉండేది అందుకే. రంగులు విడదీసి చూశారు, అంత ఎరుపు లేదు. అన్ని రంగులనూ సమంగా మింగే విచిత్రమైన బూడిద ధూళి ఉందేమో అన్నారు కొందరు. దానికీ జవాబు 2004 నాటికి హబుల్ టెలిస్కోపు ఇచ్చింది. ధూళే అయితే ఇంకా దూరం పోయేకొద్దీ మసక పెరుగుతూనే ఉండాలి. చాలా దూరపు సూపర్‌నోవాలను చూస్తే వరస తిరగబడింది, ధూళి లెక్క కన్నా వెలుగుగా ఉన్నాయి. ఆ పాతకాలంలో విశ్వం నిజంగానే మందగిస్తోంది. సుమారు 500-600 కోట్ల ఏళ్ల కిందట నడక మార్చుకుని వేగం పుంజుకుంది. (నా బోర్డు మీది వాక్యం అప్పటికైతే సరిపోతుంది. ఆ కుర్రాడికి ఇది చెప్పాలి.) పై ముగ్గురికీ 2011లో నోబెల్ వచ్చింది.

ఆ వేగానికి కారణమైనదానికి పెట్టిన పేరు డార్క్ ఎనర్జీ. మన పత్రికలు కృష్ణశక్తి అంటున్నాయి. విశ్వంలో ఉన్నదాన్ని మొత్తం తూస్తే అది 68 శాతం, కంటికి కనబడక గురుత్వంతో మాత్రమే తెలిసే కృష్ణపదార్థం 27, నక్షత్రాలూ మనమూ పప్పూ ఉప్పూ కలిపి 5 శాతం. చిట్టాపద్దులో ‘ఇతరములు’ అని రాసుకున్న మొత్తమే మూడింట రెండొంతులైంది. ఆ పద్దు కొలిచారు కాబట్టి నమ్మొచ్చు. పద్దు కింద ఏముందో చెప్పినవాడు ఇంకా పుట్టలేదు.

*డార్క్ ఎనర్జీ బలహీనపడుతోందని ఈమధ్య చదివాను. అయితే పాత సిద్ధాంతం తప్పేనా? (ఫ్యాక్టరీ కెమిస్టు, రాయగడ)*

పాత సిద్ధాంతం అంటే ఐన్‌స్టీన్ 1917లో తన సమీకరణంలో చేర్చిన ‘విశ్వ స్థిరాంకం’. ఆయన దాన్ని విశ్వం కదలకుండా నిలబెట్టడానికి చేర్చాడు, సాగుతోందని తెలిశాక తీసేశాడు. 1998 తర్వాత మిగతావాళ్లు దాన్ని అటక మీంచి దింపారు. ఖాళీ చోటుకే కొంత శక్తి ఉందని దీని అర్థం. చోటు పెరిగితే పదార్థం పలచబడుతుంది, ఇది పలచబడదు. అందుకే మొదట్లో గురుత్వం నెగ్గింది, ఇప్పుడు ఇది నెగ్గుతోంది. తిరకాసు ఎక్కడంటే, క్వాంటమ్ సిద్ధాంతంతో అంచనా కడితే ఆ శక్తి కొలిచినదాని కన్నా 1 పక్కన 120 సున్నాలన్ని రెట్లు ఎక్కువ వస్తోంది. మీ ల్యాబులో ఇలాంటి తేడా వస్తే ఏం చేస్తారో మీకే తెలుసు.

చోటంతా నిండి కాలంతో మారే క్షేత్రం (ఫీల్డ్) ఏదో ఉందనే వాదన ఇంకొకటి, దాన్ని క్వింటెసెన్స్ అంటారు. శక్తీ లేదు గిక్తీ లేదు, గురుత్వ సూత్రాన్నే దిద్దాలి అనేవాళ్లు మూడో పక్షం. వీళ్లలో చాలామందికి 2017 ఆగస్టు 17న దెబ్బ తగిలింది. 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు లేచిన గురుత్వ తరంగమూ (చోటులోనే పుట్టే అల), గామా కిరణాల మెరుపూ 1.7 సెకన్ల తేడాతో మనను చేరాయి. రెండింటి వేగమూ ఒకటే అన్నమాట. వేరుగా ఉండాలన్న సిద్ధాంతాలు చాలావరకు ఆ రోజుతో సరి.

మీరు చదివింది అరిజోనాలోని కిట్ పీక్ కొండ మీద నడిచే డెసి ప్రాజెక్టు గురించి. 5,000 ఆప్టికల్ ఫైబర్లను చిన్న రోబోలు తిప్పి, ఒక్కో ఫైబరును ఒక్కో గెలాక్సీకి గురిపెడతాయి. శైశవంలో విశ్వంలో పాకిన శబ్ద తరంగాల అచ్చు గెలాక్సీల అమరికలో మిగిలింది, ఇప్పుడు దాని కొలత సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ అచ్చే వాళ్ల గజంబద్ద. 2025 మార్చిలో సుమారు కోటిన్నర గెలాక్సీలు, క్వేజార్లతో (ఇవీ గెలాక్సీలే, నడిబొడ్డు మహా వెలుగుగా ఉండే రకం) లెక్క చెప్పారు. వేరే కొలతలతో కలిపి చూస్తే డార్క్ ఎనర్జీ కాలంతో తగ్గుతున్న సూచన ఉంది. ఏ సూపర్‌నోవా పట్టీ కలిపారన్నదాన్ని బట్టి దాని గట్టిదనం 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం కాకతాళీయం కాదనే ధీమాకు కొలత ఇది). ‘కనిపెట్టాం’ అని చాటడానికి భౌతికశాస్త్రంలో 5 అడుగుతారు. నా మటుకు నేను బోర్డు మీద రాస్తాను కానీ గీత గీయను.

*ఇదంతా మన శాస్త్రాల్లో ముందే ఉందంటున్నారు. నిజమేనా? (పేరు రాయలేదు, ఇచ్ఛాపురం)*

డార్క్ ఎనర్జీ లేదు. అయితే మీకు దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు. ఒడిశాలోని ఖండపడాలో 1835లో పుట్టిన పఠాణి సామంత. టెలిస్కోపు లేకుండా, వెదురు గొట్టాలు, కర్రలతో తయారుచేసుకున్న పరికరాలతో గ్రహాలను కొలిచి ‘సిద్ధాంత దర్పణం’ రాశాడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు వాటినీ వెంటేసుకుని భూమి చుట్టూ తిరుగుతాడనుకున్నాడు. అందులో సగం తప్పు. కొలతలు మాత్రం ఎంత బాగున్నాయంటే ఒడియా పంచాంగాలు ఆ లెక్కల మీదే నడిచాయి.

*విశ్వంలో 68 శాతం ఉన్న శక్తితో కరెంటు తీయలేరా? మా ఊళ్లో మోటార్లు నడవడం లేదు. (రైతు, కాశీనగర్)*

తీయలేరు బాబూ. భూగోళమంత చోటులో ఉన్న డార్క్ ఎనర్జీనంతా కూడగట్టి తూస్తే 6 మిల్లీగ్రాములు దాటి కొంచెం, ఒక బియ్యపు గింజ బరువు కూడా రాదు. ఖాళీ చోటు అంత ఉంది కాబట్టి మొత్తం మీద 68 శాతమైంది. పైగా అది అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉంది. మాచ్‌ఖండ్‌లో కరెంటు వస్తోందంటే నీరు పైనుంచి కిందికి పడుతోంది కాబట్టి. దీనికి పల్లం ఎక్కడ తవ్వుతాం? మోటారు సంగతి లైన్‌మ్యాన్‌నే అడగాలి.