ప్రొటీనేజ్ వేసినా అమైలాయిడ్ అతుక్కుంటోందా? గ్లైకోలిపిడ్స్ చూడండి

న్యూరో2ఏ (ఎలుక న్యూరోబ్లాస్టోమా కణాలు) ఎక్సోసోమ్స్‌కి, అంటే ఆ కణాలు బయటికి వదిలే చిన్న పొర సంచులకి (వెసికిల్స్), ప్రొటీన్లని కోసే ప్రొటీనేజ్ కె ఎంజైమ్ వేసి పైనున్న ప్రొటీన్లన్నీ తీసేసినా అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా ఇంకా అతుక్కుంటోంది, ఎందుకు అని అడిగారు కదా. మీ ప్రయోగం తప్పేం కాదండీ, ఆ పట్టు ప్రొటీన్లది కాకపోవచ్చు అంతే. న్యూరాన్ల ఎక్సోసోమ్స్ పొర మీద జీఎం1 లాంటి గ్లైకోలిపిడ్స్ (చక్కెర గొలుసు ఉన్న కొవ్వులు) బాగా ఉంటాయి, వీటి సెరమైడ్ అనే కొవ్వు తోక పొరలో దిగి ఉంటుంది, చక్కెర గొలుసు బయటికి ఉంటుంది, అమైలాయిడ్ పట్టుకునేది ఆ చక్కెరల్నే, వాటిని ప్రొటీనేజ్ ఏం చేస్తుంది చెప్పండి! 2014లో జపాన్‌లో హొక్కైడో యూనివర్సిటీ వాళ్ళు ఎండోగ్లైకోసెరమిడేజ్ అనే ఎంజైమ్‌తో ఆ చక్కెరల్ని కోసేస్తే అమైలాయిడ్ అతుక్కోవడం పోయింది.

మీరూ అదే చేసి చూడండి. కాకపోతే ముందు ప్రొటీనేజ్‌ని ఇన్‌హిబిటర్‌తో ఆపి బాగా వాష్ చేయండి, లేదంటే అది కొత్తగా వేసిన ఎంజైమ్‌నీ తినేస్తుంది. ఇంకోటి, ఈ ఎంజైమ్ ప్రోటోకాల్స్‌లో చాలావాటిలో ట్రైటాన్ అనే డిటర్జెంట్ ఉంటుంది, అది కలిపితే వెసికిల్సే పగిలిపోతాయి, ఇంక కొలవడానికేం మిగలదు, డిటర్జెంట్ లేకుండానే చేయాలి. చక్కెరలు నిజంగా తెగాయా లేదా అంటే, కలరా టాక్సిన్ బి సబ్‌యూనిట్ జీఎం1నే పట్టుకుంటుంది కాబట్టి దాంతో డాట్ బ్లాట్ (శాంపిల్‌ని మెంబ్రేన్ మీద చుక్కగా వేసి చూసే పరీక్ష) పెట్టి ముందూ తర్వాతా చూస్తే సరిపోద్ది. కణాలు పెంచే మీడియాలో మామూలు ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం సీరమ్) వాడారా? అయితే అందులోని ఆవు వెసికిల్స్ కూడా కలిసిపోయుంటాయి, అది ముందు మార్చండి.