విద్యార్థుల ముందే నా మాట తీసిపారేస్తున్నారు

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాకినాడలో పెరిగి, పొరుగు రాష్ట్రంలోని ఒక పైలట్ శిక్షణ సంస్థలో నాలుగేళ్లుగా ఇన్‌స్ట్రక్టరుగా పనిచేస్తున్న మీరు, పక్కగాలి ఎక్కువగా ఉందని ఒక విద్యార్థి ఒంటరిగా విమానం నడపాల్సిన సోలో ఫ్లైట్‌ను ఆపారు. అరగంట తరువాత మీ చీఫ్ ఇన్‌స్ట్రక్టరు అందరూ వింటుండగా ‘మేడమ్‌కి భయం ఎక్కువ’ అని ఆ కుర్రవాణ్ణి తానే పంపించారు. అతను క్షేమంగా దిగాడు. మర్నాడు అతనే మీ దగ్గరకు వచ్చి, ‘మీరు వద్దన్నారు, సార్ పంపారు, ఏమీ కాలేదు కదా మేడమ్’ అన్నాడు. ఇలా జరగడం ఇది నాలుగోసారి. ఇంట్లో చెప్పుకుంటే, మీ వారు ఇంటి లోను వాయిదాలు గుర్తుచేసి సర్దుకుపొమ్మంటున్నారు. నిజంగానే నాకు భయం ఎక్కువేమో అన్న అనుమానం ఇప్పుడు మీలోనే మొదలైంది.

ముందు ఆ అనుమానం సంగతి చూద్దాం. మీరు రాసిన అంకెల ప్రకారం ఆ రోజు గాలి రన్‌వేకు 60 డిగ్రీల కోణంలో 14 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో వీస్తూ, విసురు వచ్చినప్పుడల్లా 20 నాట్లకు చేరుతోంది. అంటే విమానాన్ని పక్కకు తోసే గాలి మామూలుగా 12 నాట్లు, విసురులో 17 నాట్లు. మీరు శిక్షణ ఇచ్చే సెస్నా 172కు తయారీదారు పరీక్షల్లో దిగి చూపించిన పక్కగాలి 15 నాట్లు. అదైనా చేయి తిరిగిన పైలట్ నడిపినప్పటి మాట. మీ విద్యార్థికి ఉన్నది 22 గంటల అనుభవం. మీరు భయపడలేదు, లెక్క కట్టారు. విమానయాన రంగంలో పనిచేసేవారితో ఏళ్లుగా మాట్లాడుతున్న నాకు ఈ రెండింటికీ తేడా తెలుసు.

అయితే మీకు జరిగినవి రెండు గాయాలు, వాటిని విడదీసి చూడాలని నా కోరిక. పదిమందిలో మిమ్మల్ని తేలిక చేయడం ఒకటి, మీ బాధ్యతలో ఉన్న విద్యార్థిని మీ నిర్ణయానికి విరుద్ధంగా గాలిలోకి పంపడం రెండోది. మొదటిదానికి మీ మనసు ఎక్కువ నొచ్చుకుంది, అది సహజం. కానీ మీరు ఆయనతో మాట్లాడవలసింది రెండోదాని గురించే. ‘నన్ను అవమానించారు’ అంటే ఆయన ‘నేను అలా అనుకోలేదు’ అని తప్పుకోగలరు. గాలి లెక్క ముందు పెడితే అంత సులువుగా తప్పుకోలేరు.

రోస్టరు, సిలబస్, ఎవరికి ఏ విమానం ఇవ్వాలన్నది ఆయన అధికారం. మీ అంచనాపై సందేహం వస్తే విద్యార్థితో తానే ఒక చెక్ ఫ్లైట్ చేయడం కూడా ఆయన హక్కే. వర్షాకాలంలో గంటలు కూడక, లైసెన్సుకు కావలసిన 200 గంటల ఫ్లయింగ్ ఎప్పటికి పూర్తవుతుందని పొలాలు అమ్మి ఫీజు కట్టిన తల్లిదండ్రులు రోజూ ఫోన్లు చేస్తుంటే ఆయన మీదా ఒత్తిడి ఉంటుంది. ఆ మాట మీరే ముందు ఒప్పుకుని, ఫ్లయింగ్ లేని ఒక సాయంత్రం ఆయన గదిలో ఆయన ఒక్కరితోనే కూర్చుని ఇలా అడగండి: ‘సార్, ఏ దశ విద్యార్థికి ఎంత పక్కగాలి, ఎంత విజిబిలిటీ వరకు సోలో ఇవ్వవచ్చో కాగితం మీద పెట్టుకుందాం. నా నిర్ణయం మార్చాలనుకుంటే నన్ను పక్కకు పిలిచి చెప్పండి, ఆ రోజు ఫ్లైట్లకు అనుమతి రాసే ఆథరైజేషన్ బుక్‌లో సంతకం మీరే చేయండి.’ గొంతు పెంచవద్దు, పాత సంఘటనలు నాలుగూ తవ్వవద్దు, ఒక్కటి చాలు.

ఇకపై ఇలా జరిగిన ప్రతిసారీ ఆ రాత్రే తేదీ, గాలి దిశ, వేగం, విద్యార్థి గంటలు, ఎవరు ఏమన్నారన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి. విశేషణాలు వద్దు, అంకెలు చాలు. మాట్లాడినా మారకపోతే సంస్థలో భద్రతా వ్యవహారాలు చూసే అధికారికి లిఖితపూర్వకంగా తెలపండి. అక్కడా కదలిక లేకుంటే దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏకు స్వచ్ఛందంగా నివేదించే మార్గం ఉంది. అది చాడీ చెప్పడం అనుకోకండి, మీ లైసెన్సుతో పాటు వచ్చిన బాధ్యత అది.

మీ వారిని నేను తప్పుపట్టను. ఆయనకు వాయిదా తేదీ కనిపిస్తోంది, గాలి తీరు చూపే విండ్‌సాక్ కనిపించడం లేదు. ఒప్పుకోని సోలోకు మీ సంతకం పడి ఆ కుర్రవాడికి ఏదైనా జరిగితే విచారణలో మొదట పిలిచేది మిమ్మల్నేనని ఆయనకు వివరంగా చెప్పండి. కోపంలో రాజీనామా చేయవద్దు, మరోచోట అవకాశాలు మాత్రం ఇప్పటినుంచే వెతకండి. మీరు ఒప్పుకోని ఫ్లైట్‌కు మిమ్మల్నే సంతకం చేయమన్న రోజున మాత్రం వాయిదాల సంగతి పక్కనపెట్టి కాదనండి.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ విద్యార్థి మాట. 2010 మే 22న మంగళూరులో విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. దిగకుండా మళ్లీ పైకి లేవమంటూ ‘గో అరౌండ్’ అని కో పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదని విచారణలో తేలింది. మీ విద్యార్థి రేపు ఆ రెండు సీట్లలో దేనిలోనైనా కూర్చోవచ్చు. అతన్ని ఈ వారంలోనే పిలిచి, సార్‌ను ఒక్క మాట అనకుండా, ఆనాటి గాలి అంకెలు అతని చేతే లెక్క కట్టించండి. విసురు సరిగ్గా చక్రాలు నేలకు తాకే క్షణంలో వచ్చి ఉంటే ఏం చేసేవాడివని అడిగి, జవాబు చెప్పేదాకా ఓపికగా కూర్చోండి.