హెడ్స్-అప్‌లో డ్రా మీద ఆల్-ఇన్ ఎప్పుడు వెళ్లొచ్చు?

పోకర్‌లో హెడ్స్-అప్, అంటే ఇద్దరే మిగిలిన ఆట, ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) ఫ్లష్ డ్రా వచ్చింది, అంటే చేతిలోవీ బల్ల మీదవీ కలిపి ఒకే గుర్తు ముక్కలు నాలుగున్నాయి, ఐదోది పడితే ఫ్లష్; స్టాక్ (దగ్గరున్న చిప్స్) మరీ పెద్దది కాదు, అవతలివాడు ముందే బెట్ వేశాడు. అక్కడే ఉన్న చిప్స్ మొత్తం తోసేయాలా (ఆల్-ఇన్), అతని బెట్‌కు సమానంగా కట్టి (కాల్ చేసి) టర్న్, అంటే నాలుగో ముక్క చూడాలా అన్నది మీ సందేహం. నేనైతే చాలాసార్లు తోసేస్తాను. కాకపోతే నాకు కావాల్సిన ముక్క పడుతుందన్న ధీమాతో కాదు, అవతలివాడు తన ముక్కలు పారేస్తాడన్న (ఫోల్డ్ చేస్తాడన్న) లెక్కతో.

ముక్క పడే అవకాశాలు అందరికీ తెలిసినవే. ఫ్లాప్ నుంచి చివరి ముక్క రివర్ దాకా రెండు ముక్కలూ చూస్తే ఫ్లష్ డ్రా 9 ఔట్లతో (మీకు పనికొచ్చే ముక్కలు ఇంకా ఎన్ని ఉన్నాయో అవే ఔట్లు) 35 శాతం, రెండు వైపులా తెరిచి ఉన్న స్ట్రెయిట్ (ఐదు ముక్కల వరుస) డ్రా 8 ఔట్లతో 31.5 శాతం, మధ్యలో ఒక్క ముక్క కావాల్సిన గట్‌షాట్ 16.5 శాతం. టేబుల్ దగ్గర ఇంత కచ్చితంగా అక్కర్లేదు. రెండు ముక్కలు రావాల్సి ఉంటే ఔట్లను నాలుగుతో, ఒకటే మిగిలితే రెండుతో గుణిస్తే సరిపోతుంది.

అసలు లెక్క ఇక్కడినుంచే. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 6 బిగ్ బ్లైండ్లు (ప్రతి ఆటకూ ముందే కట్టాల్సిన పెద్ద పందెం, ఇక్కడ మన కొలత) ఉన్నాయి, ఇద్దరి దగ్గరా తలా 24 ఉన్నాయనుకోండి. అతను 4 వేశాడు, మీరు 24 మొత్తం తోశారు. ఫోల్డ్ చేస్తే ముక్క పడకుండానే 10 మీవి. కాల్ చేస్తే పాట్ 54 అవుతుంది. అందులో మీ 35 శాతం వాటా దాదాపు 19, పెట్టింది 24, అంటే కాల్ అయిన ప్రతిసారీ సగటున 5 పోతాయి. పదేసి వచ్చేవీ ఐదేసి పోయేవీ కలిపి చూస్తే, అతను 34 శాతం సార్లు ఫోల్డ్ చేస్తే మీ ఖర్చు మీకు వచ్చేసినట్టే. అంతకు మించి చేసే ప్రతి ఫోల్డూ లాభమే.

అదే ముక్కలతో పాత్రలు మార్చి చూడండి. అతనే 6 పాట్‌లోకి 24 తోశాడు, మీరు కాల్ చేయాలి. 54 కోసం 24 పెట్టాలంటే 44 శాతం గెలుపు కావాలి. మీకున్నది 35. ఫోల్డ్ చేయాల్సింది ఇక మీరే. డ్రాతో ఆల్-ఇన్ వెళ్లడం, డ్రాతో ఆల్-ఇన్‌ను కాల్ చేయడం వేర్వేరు పనులు. చాలామంది మొదటిదానికి జంకి, రెండోదానికి ఉత్సాహపడతారు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

మరి ఆ 4 కాల్ చేసి టర్న్ చూస్తే? వచ్చే ఒక్క ముక్కలో ఫ్లష్ కుదిరేది 19 శాతం సార్లే. కుదరకపోతే అతను మిగిలిన 20 తోస్తాడు, అప్పుడు కాల్‌కు 37 శాతం కావాలి, మీ దగ్గర 20 కూడా ఉండదు. అంటే 4 కట్టి రివర్ చూడకుండానే లేచిపోతారు. ఫ్లాప్ మీద తోసినవాడికి మాత్రం రెండు ముక్కలూ గ్యారంటీ. పొజిషన్ లేనప్పుడు, అంటే ప్రతి స్ట్రీట్‌లోనూ (పందెం విడతలోనూ) మీరే ముందు ఆడాల్సి వచ్చినప్పుడు, ఈ తేడా ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

ఇక ఆ 34 శాతం ఫోల్డులు వస్తాయా అంటే, అది మనిషిని బట్టి. నేను ఎక్కువగా ఆడింది చిన్న బై-ఇన్ (ప్రవేశ మొత్తం) హెడ్స్-అప్ ఆటలు. అక్కడ బటన్ మీద ఉన్నవాడు (ఫ్లాప్ తర్వాత ఆఖరున ఆడేవాడు) దాదాపు ఏ ముక్కలైనా రెయిజ్ చేసి (పందెం పెంచి), ఫ్లాప్ ఏదైనా బెట్ వేసేస్తాడు. పెయిర్ (ఒకే అంకె జత) కాని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో కనీసం ఒక పెయిర్ కుదిరేది సుమారు మూడింట ఒక వంతు సార్లే. కాబట్టి అలా ప్రతి ఫ్లాప్‌నూ బెట్ చేసేవాడు మీ ఆల్-ఇన్‌కు సగానికి పైగా సార్లు ఫోల్డ్ చేయక తప్పదు. అతని మీద ఫ్లష్ డ్రా నాకు బంగారం. దీనికి పూర్తిగా ఎదురు రకం ఒకడుంటాడు: మామూలుగా చెక్ చేస్తూ (బెట్ వేయకుండా వదిలేస్తూ) కూర్చుంటాడు, బెట్ వేశాడంటే ఏదో ఉన్నట్టే. మూడో పెయిర్‌తో (ఫ్లాప్‌లో అన్నిటికంటే చిన్న ముక్కతో కుదిరిన జతతో) ఆల్-ఇన్ కాల్ చేసి చూపించినవాడు ఇంకో రకం. ఈ ఇద్దరి మీద ఉత్త ఫ్లష్ డ్రాతో నేను తోయను.

"ఉత్త" అని ఊరికే అనలేదు. డ్రాకు తోడు బోర్డు (బల్ల మీది ముక్కలు) కంటే పెద్ద ముక్క ఒకటి, ముఖ్యంగా ఆసు ఉంటే, అతని దగ్గర పెయిర్ ఉన్నప్పుడు ఔట్లు 12 అవుతాయి, గెలుపు 45 శాతానికి చేరుతుంది. పై లెక్కలో పెడితే, అతను ఎప్పుడూ ఫోల్డ్ చేయకపోయినా నష్టం లేదు. పైగా అతనిదీ డ్రానే అయి ఇద్దరికీ ఏమీ పడకపోతే మీ ఆసే గెలుస్తుంది. ఇస్పేటు 8, 7తో ఉన్నారు, ఫ్లాప్‌లో ఇస్పేటు 9, డైమన్ 6, ఇస్పేటు 2 వచ్చాయనుకోండి. ఫ్లషూ స్ట్రెయిటూ కలిపి 15 ఔట్లు, 54 శాతం. టాప్ పెయిర్‌తో (బోర్డులోని పెద్ద ముక్కతో కుదిరిన జతతో) ఉన్నవాడి కంటే మీరే ముందున్నారు, ఇక ఆలోచించకండి. అదే చిన్న ముక్కల ఫ్లష్ డ్రా అయితే ఆ 35ని కాస్త తగ్గించి చూసుకోండి. కాల్ చేసేవాళ్లలో కొందరి దగ్గర మీకంటే పెద్ద ఫ్లష్ డ్రా ఉంటుంది. సెట్ (ఒకే అంకె మూడు ముక్కలు) ఉన్నవాడి మీదైతే మీ వాటా పాతిక శాతం దగ్గరే, ఎందుకంటే బోర్డు పెయిర్ అయితే అతనికి ఫ్లష్‌ను మించిన ఫుల్ హౌస్ కుదిరి, మీ ఫ్లష్ పడ్డా పనికిరాదు.

గట్‌షాట్ ఒక్కటే ఉంటే ఇదే లెక్కలో 60 శాతం ఫోల్డులు కావాలి. అది డ్రా కాదు, బ్లఫ్. బ్లఫ్ అని తెలిసే చేయండి.

టోర్నమెంట్ చివర్లో ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఈ లెక్కే నడుస్తుంది. రెండో బహుమతి ఇద్దరికీ ఖాయమైపోయింది కాబట్టి, ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు చిప్స్ కాపాడుకోవడానికి పడే తాపత్రయం ఇక అక్కర్లేదు. స్టాక్‌లు 100 బ్లైండ్లు ఉన్నప్పుడు మాత్రం ఇదంతా వర్తించదు. 10 గెలవడానికి 95 తోస్తే కాల్ చేసేది మిమ్మల్ని ఓడించగలవాడే. అక్కడ 12కో 14కో మామూలు రెయిజ్ చేస్తే అవే ఫోల్డులు చవగ్గా వస్తాయి.